"బాగుంది" అంటారు, కొనరు: మీ జంపఖానాల సమస్యకు సమాధానం

వరంగల్ కొత్తవాడలో నేసే మీ జంపఖానాలను చూసి అందరూ "బాగుంది" అంటున్నా ఎవరూ కొనడం లేదని, దేన్ని మార్చాలో అర్థం కావడం లేదని రాశారు. "బాగుందా?" అని అడిగితే మర్యాద కోసమైనా ఆ జవాబే వస్తుంది కాబట్టి, ముందు మార్చవలసింది ప్రశ్ననే అని నా అభిప్రాయం.

1970లలో జపాన్‌లో మిత్సుఓ నాగమాచి రూపొందించిన కాన్సేయ్ ఇంజనీరింగ్, అంటే వాడేవారి భావాలను వస్తువు రూపకల్పనలోకి తెచ్చే పద్ధతి, ఇక్కడ పనికొస్తుంది. మాజ్దా తన మియాటా కారు రూపకల్పనలో వాడింది ఈ పద్ధతినే. కొనేవారి నోట వచ్చే మాటలనే సేకరించి, గరుకు–మెత్తన, పండుగ కళ–రోజువారీ వంటి జంటలుగా పేర్చి, ఒక్కో జంటకు ఏడు మెట్ల కొలబద్ద పెట్టండి. తర్వాత అంచు రంగు మాత్రమే మారిన ముక్కలను, నూలు మందం మాత్రమే మారిన ముక్కలను విడివిడిగా చూపితే, ఏ మార్పు ఏ భావాన్ని కదిలిస్తోందో తేలుతుంది. అన్నీ ఒకేసారి మారిస్తే ఏమీ తేలదు. ధర మాత్రం చివరనే చెప్పండి, లేకపోతే జవాబులన్నీ దాని చుట్టే తిరుగుతాయి.

చూడవచ్చినవారిని చెప్పులు విప్పించి జంపఖానాపై నిలబడనివ్వండి. కంటికి గరుకుగా తోచిన నేత పాదానికి హాయిగా ఉండవచ్చు. ఆన్‌లైన్ అమ్మకానికైతే పైనుంచి తీసిన ఫొటోలో మందం కనిపించదు గనుక, మూల మడిచి దగ్గరగా తీసిన చిత్రాన్నే ముందు పెట్టండి. వరంగల్ జంపఖానాలకు 2018లో వచ్చిన జీఐ (భౌగోళిక గుర్తింపు) చీటీ దాని పక్కనే ఉంటే చాలు.