కొత్త షవర్‌లో నీళ్ళు సన్నగా వస్తుంటే

చి.ల.సౌ. లావణ్యకు మావయ్య ఆశీస్సులు.

ఇంగ్లండులోని మీ లెస్టర్ ఇంట్లో కొత్తగా బిగించిన ఎలక్ట్రిక్ షవర్‌లో నీళ్ళు సన్నగా వస్తున్నాయని, వాపసు ఇచ్చేద్దామని అల్లుడు అంటున్నాడని రాశావు. తొందరపడకండి. ముందు తప్పు షవర్‌దో, పైపుదో, చలికాలానిదో తేల్చుకోవాలి.

మన గీజర్‌లా అది నీళ్ళు కాచి నిల్వ ఉంచదు. మెయిన్ పైపు నీళ్ళు హీటర్ గుండా పోతూనే వేడెక్కాలి. జనవరిలో అక్కడ పైపు నీళ్ళు 5 డిగ్రీల దాకా దిగిపోతాయి. వాటిని 40కి తేవాలంటే మీ 8.5 కిలోవాట్ల షవర్ నిమిషానికి మూడున్నర లీటర్లే ఇవ్వగలదు. ఎండాకాలంలో నీళ్ళు 17 డిగ్రీలుంటే అదే షవర్ ఐదు లీటర్లు దాటిస్తుంది. పైగా ఆ 8.5 అనేది 240 వోల్టుల దగ్గర లెక్క. కరెంటు 230 ఉంటే అసలు పవర్ 7.8 దగ్గరే ఆగిపోతుంది. విజయవాడలో ట్యాంకు నీళ్ళు 28 డిగ్రీలుంటే 3 కిలోవాట్ల చిన్న గీజర్ కూడా మూడున్నర లీటర్లు ఇస్తుంది, అందుకే మనవాళ్ళకు ఇంగ్లండు షవర్ మీద అంత అసంతృప్తి.

ఇంకో సంగతి. థర్మోస్టాట్ లేని మోడళ్ళలో వేడి నాబ్ నిజానికి నీళ్ళ కుళాయే. వేడి వైపు తిప్పితే నీళ్ళు తగ్గుతాయి, తగ్గాయి కాబట్టే వేడెక్కుతాయి. నాబ్ చివరిదాకా తిప్పేసి ధార రాలేదంటే లాభం లేదు.

అందుకని లీటరు జగ్గు, ఫోన్‌లో టైమరు పెట్టుకుని చూడండి. షవర్ తల విప్పి గొట్టం చివర జగ్గులో పెట్టండి. హీటింగ్ ఆపేసి, చల్లటి నీళ్ళు పూర్తిగా వదలండి. జగ్గు 7, 8 సెకన్లలో నిండితే పైపు లైను బాగున్నట్టే. తల తిరిగి బిగించి మళ్ళీ చూడండి. బాగా తగ్గితే తప్పు తలదే. ఆ షవర్‌తో వచ్చిన తలే వాడాలి, వేరే చోట కొన్న పెద్ద తల దానికి పనికిరాదు. ఇప్పుడు వేడి పెట్టి చూస్తే చలికాలంలో 17 నుంచి 19 సెకన్లు పడుతుంది. అది మామూలే, షవర్‌ని తిట్టొద్దు.

చల్లటి నీళ్ళకే 12, 15 సెకన్లు పడితే మాత్రం దారిలో ఎక్కడో అడ్డు ఉంది. మొదట గొట్టం మడత పడిందేమో, చివర రబ్బరు వాషర్లు ఒకటికి రెండు పడ్డాయేమో చూడండి. షవర్ అడుగు నుంచి నీళ్ళు కారుతుంటే ముందుకు దారి మూసుకుపోయి లోపల ఒత్తిడి పెరిగితే నీళ్ళు బయటికి వదిలేసే ప్రెషర్ రిలీఫ్ పనిచేసిందన్నమాట. తర్వాత షవర్‌కి వెళ్ళే పైపు మీద చిన్న వాల్వు ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో తిప్పేది. దాని గాడి పైపు పొడుగునా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. పని అయ్యాక ప్లంబర్లు సగమే తెరిచి వెళ్ళిపోవడం మామూలు. వంటింటి సింకు కింద స్టాప్‌కాక్, అంటే ఇంటి మొత్తానికి నీళ్ళు కట్టేసే మెయిన్ వాల్వు కూడా పూర్తిగా తెరిచి ఉందో లేదో చూసుకోండి.

కొత్త షవర్‌లో ఎక్కువగా దొరికే దొంగ ఎవరంటే ఇన్‌లెట్ ఫిల్టర్, అంటే లోపలికి వచ్చే నీళ్ళను వడకట్టే జాలీ. పైపు కోసినప్పుడు రాలిన రాగి పొడి, టంకం పేస్టు, టెఫ్లాన్ టేపు ముక్కలు అన్నీ వచ్చి ఆ సన్నటి జాలీకి పట్టేస్తాయి. షవర్ బిగించే ముందు పైపులో నీళ్ళు బకెట్లోకి వదిలి కడగాలి, చాలామంది కడగరు. చాలా మోడళ్ళలో ఆ జాలీ నీళ్ళు లోపలికి వచ్చే చోటే ఉంటుంది, షవర్ మూత తీయాలి. అంతకుముందు పైకప్పు నుంచి వేలాడే తాడు స్విచ్ ఒక్కటే కాదు, మెయిన్ బోర్డులో షవర్ బ్రేకర్ కూడా దించండి, వాల్వు కట్టెయ్యండి. 230 వోల్టులమ్మా, తడి చేతులతో ఆటలొద్దు. జాలీని పాత టూత్‌బ్రష్‌తో కడిగి పెట్టాక, మూత వేసి, వేడి పెట్టకుండా చల్లటి నీళ్ళు గాలి లేకుండా ధారగా వచ్చేదాకా వదలాలి. హీటర్ డబ్బా నిండకముందే వేడి పెడితే ఎలిమెంటు మాడిపోతుంది, ఆ ఖర్చుకు వారంటీ కూడా రాకపోవచ్చు.

ఇవన్నీ బాగుండి, వంటింటి కుళాయి కూడా సన్నగా వస్తుంటే వీధి లైనులోనే ప్రెషర్ తక్కువ. ఇంగ్లండులో నీటి కంపెనీ మీ ఇంటి లైను మొదట్లో ఇవ్వాల్సిన కనీస ప్రెషర్ 0.7 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలమానం). చాలా ఎలక్ట్రిక్ షవర్లు అడిగేది నీళ్ళు పారుతున్నప్పుడు 1 బార్. అంటే కంపెనీ మాట తప్పకపోయినా మీ షవర్‌కి చాలకపోవచ్చు. ప్రెషర్ కొలిచే గేజీ ఒకటి కొని కుళాయికి తగిలించి చూడండి.

అల్లుడు 10.5 కిలోవాట్లది పెడదామంటే వైరు సంగతి అడగమను. చలికాలంలో వచ్చే లాభం నిమిషానికి లీటరులోపే. అది దాదాపు 44 ఆంపియర్లు లాగుతుంది, సాధారణంగా 10 చదరపు మిల్లీమీటర్ల వైరు కావాలి. ఇప్పుడున్నది 6 అయితే గోడలు విప్పాల్సి వస్తుంది. అర్హత ఉన్న ఎలక్ట్రీషియన్ చూసి చెప్పాకే కొనండి.

ఇట్లు,
మీ మావయ్య