108 కిలోల తమ్ముడు, 125 కిలోల విభాగం: బరువు ఒక్కటే చాలదు

మీరు అడిగింది ఇది: తమ్ముడికి 18 ఏళ్లు, బరువు 108 కిలోలు, పారిస్ ఒలింపిక్స్ కుస్తీ వీడియోలు చూసి తానూ 125 కిలోల ఫ్రీస్టైల్‌లో దిగుతానని పట్టుబట్టాడు, చిత్తూరులో ఉంటూ ఇది అయ్యే పనేనా అని. తిరుపతిలో చదువుకునే రోజుల్లో నేను విశ్వవిద్యాలయం తరఫున ఇదే విభాగంలో ఆడాను. గోడకు తగిలించుకునేంత పతకాలేమీ రాలేదు కానీ, ఆ బరువుతో మ్యాట్ మీద నిలబడితే ఏమవుతుందో నా మోకాళ్లకు బాగా తెలుసు.

అయ్యే పనే. కాకపోతే ఆ 108 చూసి ఇంట్లో ఎవరూ మురిసిపోకండి. ఒలింపిక్స్‌లో 97 కిలోల తర్వాత ఉన్న విభాగం ఒక్కటే, 125. అంటే 97 దాటినవాళ్లంతా అందులోనే, 125 మించకూడదు. పెద్ద పోటీలకు వచ్చేవాళ్లలో చాలామంది ఆ పైపరిమితికి దగ్గరలోనే ఉంటారు. వాళ్ల మధ్య మీ తమ్ముడు బక్కవాడి కిందే లెక్క. అది చెడ్డ వార్త కాదు. 1972లో, ఈ పైపరిమితి లేని కాలంలో, మ్యూనిక్ ఒలింపిక్స్‌కు అమెరికా నుంచి క్రిస్ టేలర్ వచ్చాడు. 180 కిలోల పైమాటే. అతణ్ని ఓడించి స్వర్ణం గెలిచిన సోవియట్ మల్లుడు అలెగ్జాండర్ మెద్వెద్ అతనికన్నా ఎంతో తేలిక. మెద్వెద్‌కు అది వరుసగా మూడో ఒలింపిక్ స్వర్ణం. ఆ పోటీలో రిఫరీ తీర్పుల మీద పెద్ద రగడే జరిగింది, అది వేరే సంగతి.

పారిస్ వీడియోలు పక్కన పెట్టి, 2021లో జరిగిన టోక్యో ఫైనల్ చూపించండి. ఒకవైపు జార్జియాకు చెందిన జెనో పెట్రియాష్విలి, అప్పటికే మూడుసార్లు ప్రపంచ చాంపియన్. మరోవైపు 21 ఏళ్ల అమెరికన్ గేబుల్ స్టీవ్‌సన్. ఆఖరి పది సెకన్లలోకి వచ్చేసరికి పెట్రియాష్విలి 8-5తో ముందున్నాడు. నేనైతే అయిపోయిందనుకుని లేవబోయాను. స్టీవ్‌సన్ చుట్టి అతని వెనక్కి వచ్చి కింద పడేశాడు, రెండు పాయింట్లు, 7-8. మళ్లీ నిలబెట్టారు. గంట మోగే లోపు ఇంకోసారి అదే పని చేశాడు, 9-8. జార్జియా శిబిరం ఆ తీర్పును సవాలు చేసింది, అది చెల్లలేదు, సవాలు వీగిపోతే ఎదుటివాడికి దక్కే ఒక్క పాయింటూ స్టీవ్‌సన్ ఖాతాలోకే వెళ్లి 10-8 అయింది.

ఆ పది సెకన్లను మీ తమ్ముడు మళ్లీ మళ్లీ చూడాలి. చేతులను కాదు, పాదాలను. దాదాపు ఆరు నిమిషాలు పెనుగులాడాక కూడా స్టీవ్‌సన్ మోకాళ్లు వంగే ఉన్నాయి, అడుగు చిన్నగా, చకచకా పడుతోంది. ఓడిన పెట్రియాష్విలి కథ కూడా చెప్పండి: 2016 రియోలో కాంస్యం, టోక్యోలో రజతం, 2024 పారిస్‌లో ఇరాన్ మల్లుడు అమీర్ హొస్సేన్ జారేను 10-9తో ఓడించి స్వర్ణం. అప్పటికి అతనికి 30 ఏళ్లు. పెద్ద బరువులవాళ్లు ఒకరినొకరు తోసుకోవడం తప్ప ఏం చేస్తారని అడిగేవాళ్లకు ఆ 10-9 చాలు.

మనవైపు మాత్రం లావుగా ఉన్న పిల్లవాడు కనిపిస్తే చాలు, 'వీడు కుస్తీకి పుట్టాడు' అనేస్తారు. నన్నూ అలాగే పంపారు. చిత్తూరు జిల్లా ఊళ్లలో ధర్మరాజుల గుడి తిరునాళ్లకు దుర్యోధన వధ రోజున మైదానంలో మట్టితో పెద్ద విగ్రహం పడుకోబెడతారు కదా, కాళ్లు కదలని భారీ మనిషి మ్యాట్ మీద అచ్చం అదే. మూడేసి నిమిషాల రెండు రౌండ్లు, మధ్యలో 30 సెకన్ల విరామం. కాగితం మీద ఎంత చిన్నది! రెండో రౌండు సగానికి వచ్చేసరికి ఎదుటివాడు తన తల బరువంతా మీ మెడ మీద వేసి వేలాడుతుంటాడు, ఊపిరి అందదు, నడుము దానంతట అదే నిటారుగా లేస్తుంది. నడుము లేచిందంటే కాలు దొరికిపోయినట్టే. నేను పోగొట్టుకున్న పాయింట్లలో ఎక్కువ భాగం అక్కడే పోయాయి.

ఇక్కడ అసలు కొరత మ్యాట్ కాదు, జోడీ. 110 కిలోలవాడికి సాటి బరువున్నవాడు మన ప్రాంతంలో సులువుగా దొరకడు. నేను ఎక్కువగా 74, 86 కిలోల కుర్రాళ్లతోనే సాధన చేశాను. మొదట్లో అవమానంగా ఉండేది, నా పట్టు బిగిసేలోపే వాళ్లు వెనక ఉండేవారు. కానీ నా కాళ్లకు కాస్తో కూస్తో చురుకు వచ్చిందంటే వాళ్ల పుణ్యమే. అయితే వాళ్లతోనే ఆడితే పైనుంచి పడే బరువును ఎలా మోయాలో ఎప్పటికీ తెలియదు. అందుకని ఏడాదికి కొన్ని వారాలైనా హర్యానాకో, మహారాష్ట్రలోని తాలీమ్‌లకో, అంటే అక్కడి కుస్తీ సాధనశాలలకో, పంపాల్సి వస్తుంది. ఆ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకోండి.

ఇంకో నిజం. 1952లో ఖాశాబా జాదవ్ నుంచి 2024లో అమన్ సెహ్రావత్ దాకా మనకు ఒలింపిక్ కుస్తీలో వచ్చిన పతకాలన్నీ 70 కిలోల లోపువే. కామన్వెల్త్ క్రీడల్లో మాత్రం 2018లో సుమిత్ మలిక్ 125 కిలోల విభాగంలో స్వర్ణం తెచ్చాడు. కాబట్టి దారి లేదని అనను, రద్దీ తక్కువని అంటాను.

ముందుగా జిల్లా క్రీడా ప్రాధికార సంస్థ కార్యాలయంలో అడిగి కుస్తీ కోచ్ ఎవరున్నారో తెలుసుకోండి. దానికన్నా ముందు మోకాళ్లు, గుండె, రక్తపోటు వైద్యుడికి చూపించండి. అలిపిరి 3550 మెట్లు రోజూ పరుగెత్తి ఎక్కమని సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా ఎదురవుతారు. ఎక్కడం మంచిదే, నిదానంగా. ఆ బరువుతో పరుగున దిగితే మాత్రం మోకాళ్లు పోతాయి, బస్సులో దిగమనండి. మొదటి ఆరు నెలలు బరువు పెంచే ఆలోచనే వద్దు. కొవ్వు తగ్గి 100 దగ్గరికి వచ్చినా కంగారు పడకండి. అప్పుడు 97లో ఆడాలా, కండ పెంచి 125లో ఉండాలా అన్నది కోచ్ తేలుస్తాడు. గుడ్లు, పాలు, రాగిసంకటి ఎంత తిన్నా ఫరవాలేదు కానీ, డబ్బాల్లో వచ్చే పొడులు కోచ్‌కు చూపించకుండా కొననివ్వకండి. వాటిలో ఏముందో తెలియక డోపింగ్ పరీక్షలో దొరికిపోయే ప్రమాదం ఉంది.