డస్టిన్ మార్టిన్‌ను అంత గొప్ప మిడ్‌ఫీల్డర్ అని ఎందుకంటారు?

ఫైనల్ రోజున అతనిలా ఆడినవాళ్లు లేరు కాబట్టి. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ (బంతిని చేత్తోనూ పట్టుకునే ఆట) గ్రాండ్ ఫైనల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే నార్మ్ స్మిత్ మెడల్‌ను 2017, 2019, 2020లలో గెలిచాడు. మూడుసార్లు గెలిచింది అతనొక్కడే. ఆ మూడేళ్లూ కప్పు అతని జట్టు రిచ్‌మండ్‌దే. మెల్‌బోర్న్‌లోని ఆ క్లబ్ అంతకుముందు 37 ఏళ్లు కప్పు మొహం చూడలేదు!

క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2009లో మూడో ఎంపికగా వచ్చి, 302 మ్యాచ్‌లు ఆడి 2024లో రిటైరయ్యాడు. 2017లో, సీజన్ ఉత్తమ ఆటగాడికి అంపైర్ల ఓట్లతో ఇచ్చే బ్రౌన్‌లో మెడల్ కూడా అతనిదే.

అతని ఆటలో చూసి తీరాల్సింది ఒకటుంది. ఒక చేత్తో బంతి పట్టుకుని, మీదికొచ్చినవాడి ఛాతీ మీద రెండో అరచెయ్యి ఆనించి, అలా పక్కకు నెట్టేసి పరుగు ఆపకుండా వెళ్లిపోయేవాడు. దాన్ని అక్కడ 'డోంట్ ఆర్గ్యూ' అంటారు. మామూలుగా మిడ్‌ఫీల్డర్ పని మధ్యలో బంతి సంపాదించి ముందుకు అందించడం. మార్టిన్ అక్కడితో సరిపెట్టుకునేవాడు కాదు, గోల్ దగ్గరికెళ్లి తనే కొట్టేవాడు. కోవిడ్ వల్ల బ్రిస్బేన్‌లో జరిగిన 2020 ఫైనల్ నా లెక్కలో అన్నిటికంటే మిన్న. సగం ఆటకు రిచ్‌మండ్ వెనకబడి ఉంది. ప్రత్యర్థి జట్టు జీలాంగ్ మీద అతను కొట్టిన 4 గోల్సే మ్యాచ్‌ను మలుపు తిప్పాయి.