గుమ్మం దాకా వద్దు, గోడౌన్ దాకా చాలు

చిరంజీవి చిన్నోడికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన కొటేషన్ చూశాను. అమెరికా ఒహాయోలో నీ కారుకి పాత ఇంజిన్ 650 డాలర్లు, దాన్ని కెనడా బ్రాంప్టన్‌లో నీ ఇంటి ముందు దించడానికి 900. చారాణా కోడికి బారాణా మసాలా అంటారే, అచ్చం అలా ఉంది. కంగారుపడి కార్డు గీకేయకు. విజయవాడ ఆటోనగర్‌లో పదిహేడేళ్ళు, ఇక్కడ ఇరవై రెండేళ్ళు ఇంజిన్లూ గేర్‌బాక్సులూ ఎత్తి దించిన వాణ్ణి. నాకు తెలిసిందొకటే. డబ్బు బరువుకి అవ్వదు, గుమ్మానికి అవుతుంది.

మన ఊళ్ళో లారీ పార్సిల్ ఆఫీసుకి వెళ్తే గుమాస్తా ముందు అడిగేదేమిటి? గోడౌన్ డెలివరీయా, డోర్ డెలివరీయా అని. ఇక్కడా అదే లెక్క, కాకపోతే అడగరు, డోర్ అని రాసేసుకుంటారు. ఇంటి అడ్రసు కాబట్టి ఒక చార్జీ. నీ ఇంటి దగ్గర లారీ ఎత్తుకి ప్లాట్‌ఫారం ఉండదు కాబట్టి, లారీ వెనక కిందకి దిగే బల్ల, లిఫ్ట్‌గేట్, దానికో చార్జీ. ఫోన్ చేసి టైమ్ చెప్పి వస్తారు, దానికింకొకటి. ఆపైన బోర్డర్‌లో కస్టమ్స్ కాగితాలు చూసినందుకు బ్రోకర్ ఫీజు. ఇవన్నీ తీసేసి మళ్ళీ కొటేషన్ అడుగు, ఎంతకి దిగుతుందో నువ్వే చూస్తావు.

అసలు ఇంకో మాట ముందు అడగాలి. ఇక్కడి యార్డుల్లో, అదే పాత బండ్లు విప్పి సామాను అమ్మే చోట్ల, వాకబు చేశావా? హామిల్టన్ వైపు, బారీ వైపు ఫోన్లు చెయ్యి. మారకం, రవాణా, పన్ను మూడూ కలిపాక తేడా రెండొందల లోపే ఉంటే ఇక్కడే కొను. రేపు ఇంజిన్ పొగ కొడితే వెనక్కి ఇవ్వడానికి బోర్డర్ దాటక్కర్లేదు. కోర్ డిపాజిట్ సంగతి కూడా అడుగు. కొందరు నీ పాత ఇంజిన్ తెచ్చి ఇస్తేనే ఆ డిపాజిట్ వెనక్కి ఇస్తారు. చచ్చిన ఇంజిన్‌ని ఒహాయో దాకా మోయించడం కంటే ఆ డబ్బు వదులుకోవడమే చవకని నేను ఒకసారి చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను.

సరే, అక్కడే కొంటున్నావనుకుందాం. దారులు రెండు.

మొదటిది బోర్డర్ అవతల దింపుకోవడం. లూయిస్టన్, నయాగరా ఫాల్స్, బఫలో, ఈ మూడు చోట్లా మనలాంటి వాళ్ళ పార్సిళ్ళూ ప్యాలెట్లూ (సరుకు కట్టి పంపే చెక్క బల్లలు) తీసుకుని దాచిపెట్టే గోడౌన్లు ఉన్నాయి. అది అమెరికా అడ్రసు, పైగా వ్యాపార అడ్రసు. యార్డు వాడి దృష్టిలో సరుకు దేశం దాటడమే లేదు. వాడికి లారీ కంపెనీలతో ఎప్పుడూ ఉండే ఖాతా ఉంటుంది, ఆ రేటుకే పంపమని అడుగు. నీకు ఆన్‌లైన్‌లో వచ్చే రేటు కంటే చాలాసార్లు తక్కువే పడుతుంది. తర్వాత పికప్ వేసుకుని లూయిస్టన్ క్వీన్‌స్టన్ వంతెన మీదుగా వెళ్ళి తెచ్చుకోవడమే. అద్దె బండి అయితే బోర్డర్ దాటొచ్చని అద్దెకిచ్చే వాళ్ళతో ముందే రాయించుకో.

ఇక్కడే మనవాళ్ళు చాలామంది బోల్తా పడతారు. నీ పాస్‌పోర్టు ఇంకా ఇండియాదే. కెనడా పీఆర్ కార్డు జేబులో ఉన్నంత మాత్రాన బఫలో వెళ్ళనివ్వరు, అమెరికా వీసా ఉండాలి. వీసా ఉన్నా ఐ-94 అనే ప్రవేశ నమోదు తీసుకోవాలి, దానికీ ఫీజు ఉంది. ఇవి చూసుకోకుండా ఇంజిన్ అక్కడ దింపుకుంటే అది అక్కడ, నువ్వు ఇక్కడ.

వీసా లేకపోతే రెండో దారి. లారీ కంపెనీ టెర్మినల్‌కే బుక్ చెయ్యి, మిస్సిసాగా చుట్టుపక్కల చాలా ఉన్నాయి. బుక్ చేసేటప్పుడే 'కస్టమ్స్ నేనే క్లియర్ చేసుకుంటాను' అని మెయిల్‌లో రాసి పెట్టు. రాయకపోతే వాళ్ళే ఒక బ్రోకర్‌ని తగిలిస్తారు. సరుకు పన్ను కట్టకుండా సఫరెన్స్ వేర్‌హౌస్‌కి, అంటే కస్టమ్స్ అయ్యేదాకా ఉంచే గోడౌన్‌కి, వస్తుంది, నీకు అరైవల్ నోటీసు పంపుతారు. ఆ కాగితం, ఇన్‌వాయిస్, డబ్బు కట్టిన రుజువు, నీ గుర్తింపు కార్డు పట్టుకుని సీబీఎస్‌ఏ, అంటే కెనడా కస్టమ్స్ వాళ్ళ ఆఫీసుకి వెళ్ళు. పన్ను కడితే ముద్ర వేసి ఇస్తారు, అది చూపించి సరుకు తెచ్చుకో. ఒక పూట పోతుంది, అంతే. గోడౌన్‌లో ఉచితంగా ఉంచేది కొద్ది రోజులే. నోటీసు వచ్చిన మర్నాడే బయల్దేరు.

పన్ను సంగతి. ఒంటారియోలో 13 శాతం. ఇంజిన్ 800 కెనడా డాలర్లు పడితే 104 కట్టాలి. మొదటి దారిలో అమెరికాకి అదే రోజు వెళ్ళి వస్తే మినహాయింపు ఏమీ ఉండదు. 24 గంటలు ఉంటే 200 డాలర్ల దాకా, 48 గంటలు ఉంటే 800 దాకా మినహాయింపు. ఆ వంద మిగుల్చుకోవడానికి హోటల్లో రెండు రాత్రులు ఉండాలని మాత్రం చూడకు, జలపాతం చూడాలనుంటే వేరే సంగతి. నీది హోండా ఇంజిన్ కదా, ఒహాయోలోనే అన్నా అనే ఊళ్ళో హోండా ఇంజిన్ల ఫ్యాక్టరీ ఉంది. నీది అక్కడిదే అయితే 'అమెరికాలో తయారైంది' అని ఇన్‌వాయిస్ మీద రాయించు. 2025 నుంచి రెండు దేశాల మధ్య సుంకాల గొడవ నడుస్తోంది, జాబితాలు మారుతున్నాయి. వెళ్ళే ముందు రోజు సీబీఎస్‌ఏకి ఒక ఫోన్ కొట్టు. 'గిఫ్ట్ అని రాస్తాలెండి, వంద డాలర్లని రాస్తాలెండి' అని యార్డు వాడు ఉదారంగా అంటాడు. వద్దను. పట్టుబడితే ఇంజినూ పోతుంది, నీ పేరూ వాళ్ళ కంప్యూటర్లో ఉండిపోతుంది. కొత్తగా వచ్చిన వాడివి, నీకెందుకది.

బంపర్ కూడా ఎలా తెప్పించాలని అడిగావు కదా, దాని విషయం వేరు. దాన్ని ఇంజిన్‌తో పాటు ప్యాలెట్ మీదే కట్టించు, విడిగా కొరియర్‌లో వద్దు. కొరియర్ వాడు బరువు ఒక్కటే చూడడు, డబ్బా కొలతలు కూడా చూస్తాడు. 60 అంగుళాల పొడవు, 24 వెడల్పు, 16 ఎత్తు డబ్బా అనుకో. మూడూ గుణించి, కొరియర్ వాళ్ళు లెక్కకి వాడే 139తో భాగిస్తే 166 పౌండ్లు వస్తుంది. లోపల ఉన్న ప్లాస్టిక్ పన్నెండు పౌండ్లు! గాలికి బాడుగ కట్టడమే. బ్రేక్ డిస్కులు, సిలిండర్ హెడ్ లాంటి చిన్న బరువైన సామాను మాత్రం కొరియర్‌లో గిట్టుబాటు అవుతుంది. డబ్బా 150 పౌండ్లు దాటకూడదు.

ఒకప్పుడు ఈ గోల లేదు. మన ఆర్టీసీ బస్సులో పార్సిల్ వేసినట్టు గ్రేహౌండ్ బస్సులో గేర్‌బాక్సు వేసేవాళ్ళం, బస్టాండుకి వెళ్ళి తెచ్చుకునేవాళ్ళం. కెనడా లోపల తిరిగే ఆ బస్సులు 2021లో ఆగిపోయాయి.

ఇప్పుడు ప్యాకింగ్. ఇది మాత్రం జాగ్రత్తగా చదువు. చాలా ఏళ్ళ కిందట ఒక పికప్ గేర్‌బాక్సు తెప్పించాను, 110 పౌండ్లు. టెర్మినల్‌లో అట్టపెట్టె కింది సగం నూనెలో నాని నల్లగా మెత్తబడి ఉంది. గేర్ ఆయిల్ వాసన గుప్పుమంది. చలి, చీకటి, వెనక ఇంకో లారీ హారన్. చూడకుండా సంతకం పెట్టేశాను. ఇంటికొచ్చి అట్ట చింపితే బెల్ హౌసింగ్‌కి, అదే ఇంజిన్‌కి బిగించే ముందు తొడుగుకి, ఒక చెవి విరిగి అడుగున పడి ఉంది. కంపెనీకి రాస్తే రెండు మాటలన్నారు. సరుకు బాగుందని సంతకం పెట్టావు, ఒకటి. పాత సామానుకి మా బాధ్యత పౌండుకి పది సెంట్లు, రెండు. లెక్కేసి 11 డాలర్లకి చెక్కు పంపారు. మీ పెద్దమ్మ ఆ చెక్కు ఎన్నాళ్ళో ఫ్రిజ్ మీద అంటించి ఉంచింది.

అందుకని యార్డు వాణ్ణి నాలుగు అడుగు. ఆయిల్, కూలెంట్ పూర్తిగా దించి రంధ్రాలు మూయాలి, కారితే లారీ వాడు ఎక్కించుకోడు. 48 బై 40 ప్యాలెట్ మీద ఆయిల్ పాన్‌కి బరువు పడకుండా కింద చెక్క దిమ్మలు పెట్టి, ఉక్కు పట్టీతో బిగించాలి. ఎత్తు వీలైనంత తక్కువ ఉండాలి, పైన ఇంకేదీ పెట్టకుండా రాయించాలి. కట్టాక నాలుగు వైపులా ఫొటో తీసి పంపాలి. బ్యాటరీ, ఎయిర్‌బ్యాగ్ లాంటివి 'ఫ్రీగా వేస్తున్నా' అన్నా తీసుకోకు, అవి ప్రమాదకర సరుకు కింద లెక్క. తీసుకునేటప్పుడు వెనక ఎవడు హారన్ కొట్టినా సరే, చుట్టూ తిరిగి చూసి, పగిలింది ఏదైనా ఉంటే మన ఎల్‌ఆర్ (లారీ రసీదు) లాంటి ఆ డెలివరీ కాగితం మీదే రాసి, ఆ తర్వాతే సంతకం పెట్టు. ఖరీదైందనిపిస్తే విడిగా ఇన్సూరెన్స్ అడుగు, పాత సామానుకి వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా చెప్పమను.

పికప్‌లో తెచ్చేటప్పుడు ప్యాలెట్ లేకపోతే పాత టైరు పడుకోబెట్టి అందులో ఇంజిన్ కూర్చోబెట్టు. ఆటోనగర్‌లో రిక్షా మీద హాఫ్ ఇంజిన్లు అలాగే తిప్పేవాళ్ళం, ఒక్కటీ దొర్లలేదు. టైరు నా గరాజ్‌లో ఉంది, ఇంజిన్ ఎత్తే హాయిస్టు కూడా ఉంది. హాయిస్టుకి ఒక చక్రం కీచుమంటుంది, భయపడకు.

ముందు మాత్రం నీ పాత ఇంజిన్ బ్లాక్ మీద కొట్టిన నంబరు ఫొటో తీసి, యార్డు వాడు పంపిన నంబరు పక్కన పెట్టి నాకు పంపు. రెండూ చూశాకే డబ్బు కట్టు.

మీ పెదనాన్న