మాత్రల పౌచ్ మెషిన్: డెమో చూసి కొనవచ్చునా?

ప్రశ్న: గుంటూరు కొత్తపేటలోని మా వంద పడకల ఆసుపత్రిలో ఇన్‌పేషెంట్లకు ఏ పూట మాత్రలు ఆ పూటకు స్ట్రిప్పులు కత్తిరించి కవర్లలో వేస్తున్నాము. ఒక్కో పూట మాత్రలను చిన్న సంచిలో (పౌచులో) వేసి మూసే ఆటోమేటిక్ పౌచ్ మెషిన్ కొనాలని యాజమాన్యం ఆలోచన. డెమోలో ఒక్క తప్పూ రాలేదు. ఇంకా ఏమి చూడాలి?
– ఒక ఫార్మసిస్టు

జవాబు: డెమోకు అమ్మకందారు తెచ్చేవి సాధారణంగా పూత వేసిన, పొడి రాలని మాత్రలు. మీ అలమరలోని పూత లేనివాటిని, సగానికి విరిచి ఇచ్చేవాటిని పెట్టి, మీ గదిలోనే నడిపి చూపమనండి.

అంతకంటే ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది. మన మాత్రలు ఎక్కువగా స్ట్రిప్పుల్లోనే వస్తాయి కనుక, వాటిని ఒలిచి కాసెట్లలో, అంటే యంత్రంలో మాత్రలు నింపే డబ్బాల్లో, పోయవలసి ఉంటుంది. ఒలిచాక రేకు మీది గడువు తేదీ చెల్లదు, బ్యాచ్ నంబరూ రేకుతోపాటే చెత్తబుట్టకు పోతుంది. మన కోస్తా ఉక్కలో సోడియం వాల్‌ప్రోయేట్ తేమ పీల్చి జిగటవుతుంది, ఆస్పిరిన్ విచ్ఛిన్నమై వెనిగర్ వాసన కొడుతుంది. పొడి ఇతర మాత్రలకు అంటుకునే ప్రమాదం ఉన్నందున మెథోట్రెక్సేట్‌ను, పెన్సిలిన్ జాతి మందులను అందులో పోయనే వద్దు. స్ట్రిప్పును ఒలవకుండా ఒక్కో మాత్రగా కత్తిరించి, బార్‌కోడ్ అంటించే యంత్రాలూ ఉన్నాయి. మీకు అవే నయమని నా అభిప్రాయం.

ఏది కొన్నా వ్యాలిడేషన్‌లో (యంత్రం సరిగా పనిచేస్తుందని రుజువు చేసుకునే పరీక్షల్లో) బిగింపును, పనితీరును, రోజువారీ నిలకడను విడివిడిగా పరీక్షించి రాసిపెట్టుకోవాలి. మూడు వందల పౌచులు తప్పు లేకుండా వచ్చాయని మురిసిపోకండి. గణాంకశాస్త్రం ప్రకారం, తప్పులు నూటికి ఒకటి మించవని 95 శాతం నమ్మకంతో చెప్పడానికి మాత్రమే అది చాలుతుంది. వెయ్యికి ఒకటి మించవని చెప్పాలంటే మూడు వేలు తప్పు లేకుండా రావాలి. కావాలనే ఒక వేరే మాత్రను, ఒక విరిగిన ముక్కను కలిపి, యంత్రం పట్టుకుంటుందో లేదో చూడండి. పౌచు సగం నిండగానే మెయిన్ స్విచ్ కట్టేయండి: కరెంటు వచ్చాక అది ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి లెక్కిస్తుందా, మొదటి నుంచి మళ్లీ వేస్తుందా? రెండోదైతే రోగికి రెట్టింపు మోతాదు వెళ్లే ప్రమాదం ఉంది.

కొనుగోలు విభాగం చవకగా వచ్చిందని బ్రాండు మార్చినప్పుడు మాత్ర మందం, ఆకారం మారతాయి. ఆ మందు వరకు పరీక్ష మళ్లీ చేసి, ఫార్మసిస్టు సంతకం చేశాకే వార్డుకు పంపాలి.