100 ఎంబీపీఎస్ నెట్ ఉన్నా లైవ్ మ్యాచ్ అర నిమిషం వెనక ఎందుకు వస్తుంది?

ప్రశ్న ఇది: నెట్ స్పీడు 100 ఎంబీపీఎస్, స్మార్ట్ టీవీ కొత్తదే. అయినా డిష్ ఉన్న పక్కింట్లో కేకలు వినిపించిన అర నిమిషానికి గానీ యాప్‌లో వికెట్ పడటం లేదు. ప్లాన్ పెంచితే పోతుందా? టీవీ ప్రసారాలన్నీ ఇక నెట్‌లోకి వచ్చేస్తాయా?

ప్లాన్ పెంచకండి, డబ్బు దండగ. 1080పీకి 5 ఎంబీపీఎస్, 4కేకి 15 ఉంటే చాలు. మీకు అంతకు ఆరు రెట్లకు పైనే ఉంది. ఈ ఆలస్యం మీ ఇంటి కనెక్షన్‌లో పుట్టడం లేదు, వీడియోను పంపే పద్ధతిలోనే ఉంది.

నెట్‌లో లైవ్ అంటే నిజానికి చిన్న చిన్న ఫైళ్ల వరస. వీడియోను కుదించి నెట్‌కు సిద్ధం చేసే ఎన్‌కోడర్ దాన్ని సాధారణంగా 6 సెకన్ల ముక్కలుగా కోస్తుంది. ముక్క పూర్తయితే గానీ బయటికి రాదు కాబట్టి అక్కడే 6 సెకన్లు పోతాయి. అదే బొమ్మను 240పీ నుంచి 1080పీ దాకా అయిదారు సైజుల్లో తయారుచేయడానికి ఇంకో రెండు మూడు సెకన్లు, సీడీఎన్ సర్వర్ల (ఊరూరా కాపీలు ఉంచి పంచే సర్వర్ల) మీదుగా మీ దాకా రావడానికి ఒకటి రెండు. అసలు బరువంతా చివర్లో ఉంది: ప్లేయర్, అంటే యాప్‌లో వీడియోను ఆడించే భాగం, మూడు ముక్కలు చేతిలో పెట్టుకుని గానీ మొదలవదు. ఈ నిల్వనే బఫర్ అంటారు, అది 18 సెకన్లు. కూడితే 27 నుంచి 29. మీ అర నిమిషం లెక్క తేలింది కదా. 2009లో ఆపిల్ ఈ ముక్కల పద్ధతిని హెచ్‌ఎల్‌ఎస్ పేరుతో తెచ్చిన కొత్తల్లో ముక్క పొడవు 10 సెకన్లు, అంటే ఒక్క బఫర్‌కే 30 పోయేవి.

డిష్‌లో ఈ ముక్కల గొడవ లేదు. సిగ్నల్ దాదాపు 36,000 కిలోమీటర్లు పైకెళ్లి దిగడానికి పట్టేది పావు సెకను. ఎన్‌కోడింగ్, సెట్‌టాప్ బాక్సు పని కలుపుకున్నా మొత్తం కొద్ది సెకన్లే.

మరి ముక్కలు చిన్నవి చేయొచ్చుగా అంటే, చేస్తున్నారు. లో-లేటెన్సీ (తక్కువ ఆలస్యం) పద్ధతుల్లో ముక్క పూర్తయ్యేదాకా ఆగకుండా అందులోని చిన్న తునకల్ని అప్పటికప్పుడే పంపేస్తారు. ఆలస్యం 5 సెకన్ల దాకా దిగుతుంది. కానీ అప్పుడు ప్లేయర్ చేతిలో ఉండే నిల్వ కూడా రెండు మూడు సెకన్లే. వైఫై ఒక్క నాలుగు సెకన్లు తడబడితే బొమ్మ ఆగి చక్రం తిరుగుతుంది. వికెట్ ఆలస్యంగా చూసినవాడు కాస్త విసుక్కుంటాడు, చక్రం చూసినవాడు యాప్ మూసేస్తాడు. అందుకే పెద్ద మ్యాచ్‌లకు కంపెనీలు కావాలనే పెద్ద బఫర్ ఉంచుతాయి. నా దృష్టిలో అది సరైన నిర్ణయమే.

మీ చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. మధ్యలో ఒకసారి ఆగి మళ్లీ మొదలైతే చాలా ప్లేయర్లు ఆ వెనకబాటును వాటంతట అవి పూడ్చుకోవు. ఆగిన ప్రతిసారీ ఇంకాస్త వెనక్కి జారతాయి. ఒకే ఇంట్లో రెండు టీవీల్లో ఒకే మ్యాచ్ ముందూ వెనకగా నడవడానికి కారణం ఇదే. ‘లైవ్’ బటన్ నొక్కండి, లేదా యాప్ మూసి తెరవండి. యూట్యూబ్ అయితే కంప్యూటర్‌లో వీడియో మీద రైట్ క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నర్డ్స్’ తెరవండి. అక్కడ లైవ్ లేటెన్సీ, బఫర్ హెల్త్ అని రెండు అంకెలు సెకన్లలో కనిపిస్తాయి. లేటెన్సీ 25, బఫర్ 18 అనుకోండి, ఆలస్యంలో ఎక్కువ భాగం ప్లేయర్ దాచుకున్నదే. లో-లేటెన్సీ కాని మామూలు లైవ్‌లో బఫర్ 2, 3 దగ్గర ఊగుతుంటే మాత్రం మీ నెట్‌ను అనుమానించాలి.

అప్పుడు స్పీడ్ టెస్ట్ ఫోన్‌లో కాదు, టీవీలోనే చేయండి. టీవీ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి అతుక్కుని ఉంటే 5కి మార్చండి. రూటర్ గోడల అవతల ఉంటే కేబుల్ వేయడమే మేలు. చాలా టీవీల్లో ఈథర్నెట్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే ఉంటుంది. టెస్టులో 94 దగ్గర ఆగిపోయిందని కంగారుపడొద్దు, 4కేకి అది ధారాళంగా సరిపోతుంది. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెడితే ఈ ఆలస్యం పోతుందనుకోవడం పొరపాటు. అది తగ్గించేది సెకనులో చిన్న భాగం. స్కోరు యాప్ నోటిఫికేషన్లు మాత్రం ఆపేయండి, వీడియో రాకముందే సంగతి చెప్పేస్తాయి.

ఇక రెండో ప్రశ్న. అమెరికాలో ఆ మార్పు అంకెల్లోనే కనిపిస్తోంది: టీవీ ఎవరెంత చూస్తున్నారో కొలిచే నీల్సన్ సంస్థ లెక్కల్లో 2022 జూలైలో స్ట్రీమింగ్ మొదటిసారి కేబుల్‌ను దాటింది, 2025 మేలో కేబుల్, ఓవర్-ది-ఎయిర్ (యాంటెన్నాతో అందే) ప్రసారాలు రెండూ కలిపినదాన్నీ దాటింది. అయితే సీరియళ్లు, సినిమాలు వేరు, లైవ్ వేరు. సినిమా ఫైలును రద్దీ లేని వేళల్లో ముందే మీ నెట్ కంపెనీ దగ్గరున్న సర్వర్లలో పెట్టేయొచ్చు. నెట్‌ఫ్లిక్స్ అలాగే చేస్తుంది. జరుగుతున్న మ్యాచ్‌ను ముందే పెట్టడం ఎవరి తరమూ కాదు. ఉపగ్రహానికి 10 మంది చూసినా 10 కోట్ల మంది చూసినా ఒకటే సిగ్నల్. నెట్‌లో 10 లక్షల మందికి తలా 5 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 5 టెరాబిట్లు. చూసేవాళ్లు పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది.

ప్రకటనలు ఇంకో చిక్కు. ప్రసారంలో ఎస్‌సీటీఈ-35 అనే గుర్తు రాగానే సర్వర్ ఒక్కో ప్రేక్షకుడికి ఒక్కో ప్రకటన అతికిస్తుంది. కాబట్టి ఏ ముక్క తర్వాత ఏది తెచ్చుకోవాలో ప్లేయర్‌కు చెప్పే ముక్కల జాబితా కూడా ఎవరిది వారికే తయారవ్వాలి, అందరికీ ఒకే జాబితా ఇవ్వడం కుదరదు. ఓవర్ ముగిసిన క్షణాన లక్షల అభ్యర్థనలు ఒక్కసారిగా ప్రకటనల సర్వర్ మీద పడతాయి. అది సకాలంలో జవాబివ్వకపోతే మీకు ఖాళీ కార్డు కనిపిస్తుంది, లేదా అదే ప్రకటన మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రకటన హఠాత్తుగా గట్టిగా మోగడానికీ కారణం ఇక్కడే ఉంది: ఆ ఫైలు వేరేచోట తయారైంది, మ్యాచ్ శబ్దపు స్థాయికి దాన్ని ఎవరూ సరిచేయలేదు.

మల్టీకాస్ట్ ఏబీఆర్ అనే పద్ధతిలో నెట్ కంపెనీ తన నెట్‌వర్క్‌లో అందరికీ కలిపి ఒకే కాపీ పంపుతుంది. లైవ్ ఖర్చుకు విరుగుడు నాకు కనిపిస్తున్నది అదే. కానీ దానికి నెట్ కంపెనీ పరికరాలు, చాలాసార్లు ఇంటి రూటర్ కూడా సహకరించాలి. అందాకా లైవ్ ఆటలు మీకు ముఖ్యమైతే డిష్‌నో యాంటెన్నానో తీసేయకండి. కొత్త తెర కొనేముందు వెనక యాంటెన్నా సాకెట్ ఉందో లేదో చూసుకోండి. స్మార్ట్ డిస్‌ప్లే పేరుతో అమ్మే కొన్నింటిలో యాంటెన్నా సిగ్నల్ అందుకునే ట్యూనర్ ఉండదు.