కాగితం పై అంచు విప్పి చదవండి

సర్పంచ్ అయిన మా చిరంజీవి బిడ్డకు ఆశీస్సులు.

దేవరకొండ దిక్కున అణు వ్యర్థాల నిల్వ కేంద్రం పెడతారని ఊళ్లో అనుకుంటున్నారనీ, గ్రామసభ ఏం చేయాలో చెప్పమనీ రాశావు. అలాంటి ప్రతిపాదన కాగితం నా కంట పడలేదు, నీకూ ఎవరూ చూపలేదు. కనుక ముందు సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టు. పుకారు మీద తీర్మానం చేస్తే, రేపు నిజంగా ప్రతిపాదన వచ్చిన నాడు మన మాట తేలికైపోతుంది.

వస్తే మాత్రం అభిప్రాయ సేకరణను, సమ్మతిని ఒకటిగా కలపనీయకు. లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనుల మీద 2003లో బహిరంగ విచారణ జరిగిన ప్రాంతం మనది. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం అలాంటి విచారణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి, చివర ఆనాటి చర్చల సారాన్ని జనానికి చదివి వినిపించాలి. అయితే సభ మొదలుపెట్టడానికి కోరం అక్కర లేదు, ఊరంతా వద్దన్నంత మాత్రాన అనుమతి ఆగాలనీ లేదు. 2013లో ఒడిశాలోని నియమగిరి కొండల బాక్సైట్ గని విషయాన్ని సుప్రీంకోర్టు గ్రామసభలకు వదిలిందంటే, 12 సభలూ వద్దన్న మాట నిలిచిందంటే, దాని వెనుక అటవీ హక్కుల చట్టం ఉంది. మీ తండాల్లో ఆ హక్కుల దరఖాస్తులు ఆగి ఉంటే ముందు వాటి వెంట పడు.

ఫిన్లాండ్‌లోని యూరాయోకి వారు వాడిన అణు ఇంధనాన్ని తమ ఊళ్లో పాతిపెట్టడానికి 2000లో 20–7 ఓట్లతో ఒప్పుకున్నారని ఎవరో ఒకరు తప్పక చెబుతారు. నిజమే. కానీ అక్కడి స్థానిక సభకు వద్దనే అధికారం చట్టంలోనే ఉంది, పైగా వారు అప్పటికే ఇరవై ఏళ్లుగా అణు విద్యుత్ కేంద్రం పక్కన బతుకుతున్నవారు.

ఇక సంతకాల సంగతి. నేను వార్డు సభ్యుడిగా ఉన్న రోజుల్లో ఒక క్వారీ కోసం సమావేశం పెట్టి, హాజరు పేరుతో కాగితం తిప్పారు. దాని పై అంచు అట్టకున్న క్లిప్పు కిందికి మడిచి ఉంది. మా అమ్మ వేలు పట్టుకుని ముద్ర వేయించింది నేనే. నెల తర్వాత దాని జిరాక్సు చూస్తే, మడత పడిన చోట 'మాకు ఎలాంటి అభ్యంతరమూ లేదు' అన్న వరుస కనిపించింది. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు. అందుకే హాజరు పట్టికను మీ పంచాయతీ పుస్తకంలోనే రాయించు, తీర్మానాన్ని తెలుగులోనూ లంబాడా మాటలోనూ గట్టిగా చదివించిన తర్వాతే సంతకాలు పెట్టించు. పత్తి ఏరే రోజుల్లో పగటి సభ పెడితే ఆడవాళ్లు రారు; రాత్రి తండాలోనే కూర్చోబెట్టు.

తెచ్చేది ఆసుపత్రుల నుంచి వచ్చే తక్కువ తీవ్రత వ్యర్థమా, లేక వాడిన ఇంధనాన్ని శుద్ధి చేశాక మిగిలి, గాజులో బిగించే అతి తీవ్ర వ్యర్థమా అన్నది రాతపూర్వకంగా అడుగు. రెండోదానిని శాశ్వతంగా పాతిపెట్టే లోతైన భూగర్భ నిల్వ మన దేశంలో ఇంకా లేదు, కాబట్టి 'తాత్కాలికం' అంటే ఎన్నేళ్లో కూడా రాసిమ్మను.

ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన జిల్లాకు నీటి సంగతి వేరే చెప్పాలా? ఎవరూ రాకముందే, ఈ ఎండాకాలంలోనే, బోర్ల నీళ్లు పరీక్ష చేయించు. సీసాల మీద బోరు గుర్తు, తేదీ రాయించు. ఫలితాల నకలు ఒకటి తీర్మానాల పుస్తకంలో అంటించి, ఇంకొకటి నాకు పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న